పూనకం పీట

పది నిమిషాలు నిలబడితే గంట నడిచినట్టేనట. ప్రకటనలో ఓ అమ్మాయి పలక మీద నిలబడి నవ్వుతూ చెబుతుంది. తగ్గించుకోవడానికి ఆ అమ్మాయి ఒంట్లో ఏమీ లేదు. తగ్గించుకోవలసిన వాళ్లం జంతికల గిన్నె ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చుని చూస్తున్నాం. నడవక్కర్లేదు, పరుగెత్తక్కర్లేదు, చెమట పట్టదు, బూట్లు కొనే పనిలేదు. ఊరికే నిలబడాలి. మిగతా సంగతి వైబ్రేషన్ ప్లేటు చూసుకుంటుంది.

మా తరానికి ఊరికే నిలబడటమంటే బడిలో వేసే శిక్ష. పదిహేడో ఎక్కం రానివాణ్ణి బెంచీ ఎక్కించేవారు. అప్పట్లో ఆ బెంచీకి ఎవరైనా ఓ మోటారు బిగించి ఉంటే నా ప్యాంటు కొలత ఈనాడు వేరుగా ఉండేది.

ఈమధ్య చుట్టాల్లో ఎవరింటికి వెళ్లినా కాఫీతో పాటు ఇదే ప్రశ్న: "కొనొచ్చంటారా?" నన్నే ఎందుకడుగుతారంటే, నేను ఎత్తిపోతల పథకాల్లో పంపుల దగ్గర ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. నా సర్వీసంతా వణికే యంత్రాల్ని వణక్కుండా చేయడంతోనే గడిచింది. పంపు కాస్త అదిరిందంటే చాలు, బేరింగు పోయిందా, షాఫ్టు వంకర తిరిగిందా, పునాది బోల్టు వదులైందా అని అర్ధరాత్రి టార్చిలైటు పట్టుకుని పరుగెత్తేవాళ్లం. అలాంటిది, వణకడమే పనిగా పుట్టి, వణుకుతున్నందుకే డబ్బులడిగే యంత్రాన్ని చూసేసరికి మడికట్టుకున్నవాడి విస్తట్లో చేపల పులుసు వడ్డించినట్టయింది.

ప్రకటనల్లో దీన్ని అంతరిక్ష టెక్నాలజీ అంటారు. దీని ముత్తాత మాత్రం ఆవిరియంత్రాల కాలంవాడు. స్వీడన్‌లో గుస్తావ్ జాండర్ అనే డాక్టరు 1865లో స్టాక్‌హోమ్‌లో ఓ సంస్థ పెట్టి, ఒళ్లు ఊపేవి, తట్టేవి, పిసికేవి రకరకాల యంత్రాలు వరసగా నిలబెట్టాడు. వాటి పాత ఫొటోలు దొరికితే చూడండి. సూటూ బూటూ వేసుకుని, మీసం చెదరకుండా, పెద్దమనుషులు మహా గంభీరంగా యంత్రాల చేతుల్లో కూర్చుని ఉంటారు. ఆ రోజుల్లో వ్యాయామం పెద్దమనిషి చేసేది కాదు, పెద్దమనిషికి చేయించేది. 1912లో బయల్దేరిన టైటానిక్ ఓడ జిమ్ములో కరెంటు గుర్రంతో పాటు కరెంటు ఒంటె కూడా ఉండేది. అట్లాంటిక్ సముద్రం మధ్యలో ఒంటె సవారీ ఎవరికి గుర్తొస్తుందో నాకు తెలియదు గానీ, ఫస్ట్ క్లాసు టికెట్టు కొన్నవాళ్లకి ఆ లోటు కూడా లేకుండా చూశారు. తర్వాత అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్ వైట్‌హౌస్‌లోనే ఓ మోటారు గుర్రం పెట్టించుకున్నాడు. మన పిల్లలు పొద్దున్నే పాలల్లో నానబెట్టుకునే కార్న్‌ఫ్లేక్స్ వెనకున్న డాక్టర్ కెలాగ్‌కి కూడా ఈ పిచ్చి ఉండేది. మిషిగన్‌లోని బ్యాటిల్ క్రీక్‌లో ఆయన నడిపిన ఆరోగ్యధామంలో ఊపే కుర్చీలు, ఊపే పలకలు ఉండేవి. ఇక 1950ల్లో నడుముకి పట్టీ తగిలించి పొట్టను గడగడలాడించే యంత్రం ఊపందుకుంది. నూటయాభై ఏళ్లకు పైగా పొట్టలు ఊగుతూనే ఉన్నాయి. రాలిన దాఖలా లేదు.

వీళ్లందరిలో నాకు నచ్చినవాడు పారిస్ డాక్టరు షార్కో. నరాల వైద్యంలో మహానుభావుడు. పార్కిన్‌సన్ రోగులు రైల్లోనో గుర్రబ్బండిలోనో కుదుపుల ప్రయాణం చేసి వచ్చాక కాస్త తేలిగ్గా ఉందంటున్నారని గమనించాడు. రోజూ రైలెక్కించలేం కదా అని 1892లో రైల్లాగే ఊగే కుర్చీ చేయించాడు. రోగులు బాగుందన్నారు. మరుసటి ఏడాదే ఆయన పోవడంతో ఆ కుర్చీని జనం మరిచిపోయారు. చాలాకాలానికి, 2012లో, షికాగో పరిశోధకులు ఆ ప్రయోగాన్ని మళ్లీ చేశారు. సగం మందిని ఊగే కుర్చీలో కూర్చోబెట్టారు, సగం మందిని ఊగని కుర్చీలో. రెండు జట్లకీ దాదాపు ఒకేలా నయమనిపించింది. ఊగని కుర్చీ మా ఇంట్లో నాలుగున్నాయి.

ఇక ప్రస్తుతానికి వస్తాను. మా తోడల్లుడు కూకట్‌పల్లిలో ఓ ఫ్లాట్లో ఉంటాడు. పోయిన దీపావళి సేల్లో ఈ ప్లేటు తెప్పించాడు. "అన్నయ్యగారూ, మీరొచ్చి ఓసారి చూడాల్సిందే" అని ఫోను. ఆ ఫోను చేసిందీ ప్లేటు మీద నుంచే. "అఅన్నన్నయ్యయ్య" అని వినపడేసరికి చలిజ్వరమేమో అనుకుని మా ఆవిడ మాత్రలు బ్యాగులో వేసుకుంది.

చూడ్డానికి చిన్న సూట్‌కేసును పడుకోబెట్టినట్టే ఉంది. పైన రెండు పాదాల గుర్తులు, పక్కన లాగడానికి రెండు రబ్బరు తాళ్లు, ఒక రిమోటు. లోపల బ్లూటూత్ స్పీకరు కూడా ఉంది. నిలబడ్డవాడు, నిలబెట్టినది, పాడేది అన్నీ కలిసి వణుకుతాయి కాబట్టి ఎంత గొప్ప గాయకుడైనా అందులోంచి గమకాలతోనే బయటికొస్తాడు. వేగం 1 నుంచి 99 దాకా. మా తోడల్లుడు 60కి తగ్గనంటాడు. బ్యాంకులో పనిచేస్తాడు, పెద్ద అంకె కనపడితే గౌరవం.

ఆయన ప్లేటెక్కగానే వంటింట్లో స్టాండులోని స్టీలు గ్లాసులు మోగడం మొదలెట్టాయి. కాసేపటికి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఎవరో అడిగారు: "మన బిల్డింగులో బోరు వేస్తున్నారా? నీళ్లు పడ్డాయా?" పల్లె నుంచి అప్పుడే దిగిన మా అత్తగారు హాల్లోకొచ్చి చూశారు. చిన్నల్లుడు కళ్లు సగం మూసుకుని, రెండు తాళ్లు పట్టుకుని, దవడలతో సహా ఊగుతున్నాడు. ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, చేతులు జోడించి, "ఏం కావాలి తల్లీ నీకు?" అనడిగారు. ఆ రోజు నుంచి మా ఇళ్లలో దాని పేరు పూనకం పీట.

నన్నూ ఎక్కించారు. వద్దనడానికి ఏముంది, ఊరికే నిలబడటమేగా. 20 దగ్గర అరికాళ్లు జివ్వుమన్నాయి. 40 దగ్గర తొడలు బిగుసుకున్నాయి. 50 దాటాక గోడమీది క్యాలెండర్లో ఏకాదశి రెండు రోజులొచ్చింది. పిక్కల్లో దురద మొదలైంది, అది మామూలేనట. "బావగారూ, మోకాళ్లు కొంచెం వంచండి, లేకపోతే తలకాయ అదురుతుంది" అని మరదలు కేకేసింది. ఆ ఇంట్లో మాన్యువల్ చదివింది ఆ అమ్మాయొక్కతే. దిగాక నేల మెత్తగా ఉన్నట్టు, కాళ్లు తేలిగ్గా ఉన్నట్టు అనిపించింది. అబద్ధమెందుకు, బాగుంది. కానీ బాగుండటం వేరు, బరువు తగ్గడం వేరు. గారెలు కూడా బాగుంటాయి.

"ఏమంటారు అన్నయ్యగారూ, గంట నడకండీ ఇది!" అంటూ ఆయన దిగి, ఆ గంట నడక లెక్కలో ఇంకో పెసరట్టు వేయించుకున్నాడు. నాకు లెక్కల జబ్బు మొదలైంది.

ఒంట్లో ఒక కిలో కొవ్వంటే సుమారు 7,700 కిలోకేలరీలు. ప్లేటు మీద ఊరికే నిలబడ్డ మనిషికి అయ్యే ఖర్చు నెమ్మదిగా నడిచినప్పటి ఖర్చుకి మించదు. పది నిమిషాలకి 30, మహా అయితే 40 కిలోకేలరీలు. అంటే ఒక ఇడ్లీకి కూడా సరిగ్గా చెల్లు కాదు, చట్నీ సంగతి వదిలేయండి. ఈ లెక్కన కిలో కొవ్వు దిగాలంటే సుమారు రెండొందల సార్లయినా ఎక్కాలి, అదీ ఎక్కిన ప్రతిసారీ దిగి పెసరట్టు తినకుండా ఉంటేనే. పది నిమిషాల నిలబాటుకి ఎంత ఉదారంగా మార్కులు వేసినా పది నిమిషాల నడకే వస్తుంది. గంట నడక ఎక్కడిదో ప్రకటన రాసినవాణ్ణే అడగాలి.

మరి ఇందులో శాస్త్రమే లేదా అంటే, ఉంది. పాదాల కింద పలక సెకనుకి 20 నుంచి 50 సార్లు ఊగుతుంటే, కండరం సాగిన ప్రతిసారీ మన ప్రమేయం లేకుండానే తిరిగి బిగుసుకుంటుంది. ఇంజనీరు లెక్క చూస్తే ఇంకా ఆశ్చర్యం: పలక సెకనుకి 30 సార్లు, రెండే రెండు మిల్లీమీటర్లు పైకి, రెండు కిందికి కదిలినా, దాని త్వరణం భూమ్యాకర్షణకి ఏడు రెట్లు ఉంటుంది. చూడ్డానికి చిన్న కదలికే, దెబ్బ మాత్రం చిన్నది కాదు. నేను చూసుకున్న పంపులు ఇందులో చిన్న భాగం అదిరినా ఆపేసి పైకి రిపోర్టు రాసేవాణ్ణి.

అమ్మేవాళ్లు ఎక్కువగా చెప్పేది ఎముకల గురించి. ఇక్కడే గొర్రెలు రంగప్రవేశం చేస్తాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీ బ్రూక్‌లో క్లింటన్ రూబిన్ అనే శాస్త్రవేత్త బృందం గొర్రెల వెనక కాళ్లని రోజుకి 20 నిమిషాల చొప్పున, వారానికి ఐదు రోజులు, ఏడాదిపాటు సన్నగా ఊగే పలక మీద నిలబెట్టింది. తొడ ఎముక లోపలి స్పంజిలాంటి భాగం 34 శాతం చిక్కబడిందని 2001లో 'నేచర్' పత్రికలో వచ్చింది. అంతరిక్షంలో ఎముకలు గుల్లబారే వ్యోమగాముల కోసం నాసా కూడా ఆసక్తి చూపింది. ప్రకటనల్లో రాకెట్టు బొమ్మ వచ్చింది అందుకే. అయితే రెండు చిక్కులున్నాయి. ఆ గొర్రెల పలక త్వరణం భూమ్యాకర్షణలో మూడో వంతు కూడా లేదు. దాని మీద నిలబడితే ఊగుతోందో లేదో కూడా అంతగా తెలియదు. మా తోడల్లుడి గ్లాసుల స్టాండు దానికి మోగదు. సన్నటి పలక మీద గొర్రెకి జరిగిన మేలుని చూపించి, మొరటు పలకని మనిషికి అమ్ముతున్నారన్నమాట. రెండోది, టొరంటోలో బహిష్టులు ఆగిన 202 మంది ఆడవాళ్లతో ఏడాదిపాటు ఇలాంటి సన్నటి ప్లేట్ల పరీక్షే చేశారు, ఇళ్లలోనే, రోజూ 20 నిమిషాలు. 2011లో ఫలితం చెప్పారు: ఎముకల సాంద్రతలో తేడా లేదు. గొర్రెలు ప్రశ్న వేయకుండా నిలబడతాయి, ఆ తేడా ఏమైనా ఉందేమో.

తర్వాతి సాక్షులు ఎలుకలు. అమెరికాలోని జార్జియాలో 2017లో లావెక్కే జబ్బుతో పుట్టించిన ఎలుకల్ని రోజుకి 20 నిమిషాలు ఊపి చూశారు. ట్రెడ్‌మిల్ మీద నడిపించిన ఎలుకలకి వచ్చినటువంటి మేలే వీటికీ వచ్చింది. పత్రికలన్నీ "నిలబడితే చాలు" అని శీర్షికలు పెట్టాయి. అందులో ఎవరూ పెద్దక్షరాల్లో వేయని సంగతొకటుంది: ఆ ఎలుకలు సన్నబడలేదు, లావెక్కడం కాస్త తగ్గింది. అయినా ఎలుకకి ఆ ఇరవై నిమిషాలయ్యాక ఇంకో పెసరట్టు దొరకదు.

ఇవన్నీ చదువుతుంటే నాకు మాటిమాటికీ పల్లెవెలుగు బస్సు గుర్తొచ్చింది. వెనక చక్రం మీది సీటు. గతుకుల రోడ్డు, ముందు ఇంజను, కిటికీ అద్దాల మోత. ఏ రిమోటూ లేకుండా మూడు గంటలు ఊపి, టికెట్టు డబ్బులే తీసుకుంటుంది. ఊగితే ఒళ్లు తగ్గేటట్టయితే మన డ్రైవరన్నలు, దమ్ము చేసే ట్రాక్టరు కుర్రాళ్లు, షేర్ ఆటోల వాళ్లు ఈపాటికి ప్రకటనల్లో నటిస్తూ ఉండాలి. వాళ్లకి తగ్గింది నడుములో పట్టు. ఏళ్ల తరబడి ఒళ్లంతా అదిరే ఉద్యోగాల్లో నడుంనొప్పి ఎక్కువని డాక్టర్లకి ఎప్పటి నుంచో తెలుసు. కార్మికుడి ఒంటికి రోజుకి ఎంత అదురు దాకా పర్వాలేదో చెప్పడానికి ఐఎస్ఓ 2631 అని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. యూరప్ దేశాలు 2002లో చట్టబద్ధమైన హద్దు కూడా పెట్టుకున్నాయి. అదే అదురు ఒకడికి జీతమిచ్చి రక్షణ కల్పించాల్సిన ప్రమాదం, ఇంకొకడికి ఈఎంఐ కట్టి కొనుక్కునే ఆరోగ్యం.

న్యాయంగా చెప్పాలంటే రెంటినీ అచ్చంగా పక్కపక్కన పెట్టకూడదు. డ్రైవరు ఎనిమిది గంటలు కూర్చుంటాడు, ప్లేటు మీద పది నిమిషాలు నిలబడతాం. మోకాళ్లు వంచితే అదురు చాలావరకు కాళ్లలోనే ఆగుతుంది. అయినా ఆ గొర్రెల శాస్త్రవేత్త రూబినే మరికొందరితో కలిసి బజార్లో దొరికే ప్లేట్లని కొలిచి, కొన్నిటి అదురు ఆ ఐఎస్ఓ హద్దులు దాటిపోతోందని 2013లో రాశాడు. తను నాటిన విత్తనం మొలిచి ఏ చెట్టయిందో చూసి భయపడ్డవాడు ఆయనే.

అయితే ఎవరికీ పనికిరాదా? వస్తుంది. ఎవరికి పనికొస్తుందో వాళ్లు ప్రకటనల్లో కనపడరు. కాళ్లలో బలం తగ్గి, కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆనించుకునే పెద్దవాళ్లకి, మామూలు వ్యాయామం చేయలేనివాళ్లకి, ఫిజియోథెరపిస్టు పక్కనుండి తక్కువ వేగంతో చేయిస్తే, కాళ్ల బలంలో, నిలకడలో కొంత మెరుగు కనపడుతుంది. క్రీడాకారులు కూడా వాడతారు, కానీ వాళ్లు ప్లేటు మీద గుంజీళ్లు తీస్తారు, బరువులెత్తుతారు, మా తోడల్లుడిలా వాట్సాప్ చూసుకోరు. ప్లేటు మీద మనమేం చేస్తే దానికి కొంచెం వడ్డీ కలుపుతుంది, అసలు మాత్రం మనదే. ఊరికే నిలబడ్డవాడికి వడ్డీ ఏ సున్నా మీద వేయాలి?

కొందరైతే అసలు ఎక్కకూడదు. గర్భిణులు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టినవాళ్లు, ఈమధ్యే ఆపరేషనయినవాళ్లు, కిడ్నీలోనో పిత్తాశయంలోనో రాళ్లున్నవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు, కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్లు. రెటీనాని దెబ్బతీసే మధుమేహం లేని ఇల్లు వెతికితే గానీ దొరకని మన దగ్గర ఆ చివరిది చిన్న మాట కాదు. ఇదంతా మాన్యువల్లో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది, ప్లేటు మీద నిలబడి చదవడం మరీ కష్టం. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులున్నాయి కదా అని ఎక్కించబోతే మరదలే అడ్డుపడి, డాక్టర్ని అడిగాకే అంది. డాక్టరుగారు వద్దన్నారు, కుర్చీ పట్టుకుని లేచి కూర్చోమన్నారు. "కూర్చుని లేవడానికి కూడా ఫీజా?" అన్నారు ఆవిడ. అయినా చేస్తున్నారు.

ఇక ఇంటికి కొనడం సంగతి. ఇంట్లో వ్యాయామ యంత్రాన్ని కొనేముందు, మానేశాక అది దేనికి పనికొస్తుందో చూసుకోవాలని నా సిద్ధాంతం. ఎందుకంటే మానేయడం ఖాయం. ట్రెడ్‌మిల్లయితే వానాకాలంలో బట్టలారేసుకోవచ్చు. సైకిలుకి సంచులు తగిలించుకోవచ్చు. డంబెల్స్ తలుపు మూసుకుపోకుండా ఆపుతాయి. ఈ ప్లేటుకి ఆ భాగ్యం కూడా లేదు. పీటలా వాడదామంటే ఎత్తు కుదరదు, బరువు ఎక్కువ. మంచం కిందికి తోస్తే చీపురుకి అడ్డం. సెకండ్‌హ్యాండులో అమ్మజూపితే సగానికి సగం కూడా రాదు.

ఇళ్లకి వచ్చే రకాల ధర వేలల్లో ఉంటుంది. పరిశోధనల్లో, ఫిజియో క్లినిక్కుల్లో వాడేవి లక్షల్లో ఉంటాయి. ఫలితాలు ఆ లక్షల యంత్రాలవి, మనింటికొచ్చేది ఈ వేలది. తొంభై తొమ్మిది వేగాలున్నాయని మురిసిపోకండి. 99 అనేది ఏ కొలతా కాదు, దాని కంపెనీ పెట్టుకున్న నంబరు. పంపు కొన్నా, ప్లేటు కొన్నా అడగాల్సింది అసలు అంకెలు.

కాబట్టి బరువు తగ్గడానికైతే కొనకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం చేయమంటోంది. రోజుకి ఇరవై నిమిషాల పైచిలుకు చురుకైన నడక, దానికి కరెంటు కూడా అక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్ల కాళ్ల బలం కోసమైతే ముందు ఫిజియోథెరపిస్టుని అడిగి, క్లినిక్కులో కొన్నాళ్లు చేయించి, పనికొస్తోందని తేలాకే కొనడం గురించి ఆలోచించండి. ఇప్పటికే కొనేసుంటే మోకాళ్లు వంచి, వేగం తగ్గించి, దాని మీద గుంజీళ్లు తీయండి, కిందింటివాళ్లు మెలకువగా ఉన్న వేళ చూసుకోండి. ఇంకా కొనాలనే ఉంటే అమ్మేవాణ్ణి రెండే ప్రశ్నలడగండి: సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుంది, ఎన్ని మిల్లీమీటర్లు ఊగుతుంది? చెప్పలేకపోతే ఆ ప్లేటు వద్దు. చెప్పగలిగినవాడి ప్లేటు ధర విన్నాక మీరే వద్దంటారు.